45 లక్షల డాలర్ల ఎడమచేతి గిటార్... స్పెక్స్ చూస్తే స్టూడెంట్ మోడలే!

ఈ వారం ఫోన్ లేదు. ప్రాసెసర్ లేదు, కెమెరా శాంపిల్స్ లేవు, బాక్స్‌లో ఛార్జర్ ఇచ్చారా లేదా అన్న పంచాయితీ అసలే లేదు. ఈసారి మన టేబుల్ మీదున్న డివైస్ 1969 మోడల్. టేబుల్ మీద అంటే మాటవరసకి లెండి, దాన్ని ముట్టుకునే స్థోమత మనలో ఎవరికీ లేదు. బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు. ఉన్నవల్లా ఆరు తీగలు, రెండు పికప్‌లు, రెండు స్విచ్‌లు, రెండు నాబ్‌లు. పేరు ఫెండర్ మస్టాంగ్. 2022 మే నెలలో జూలియన్స్ అనే వేలం సంస్థ న్యూయార్క్‌లో దీన్ని అమ్మితే దాదాపు 45 లక్షల డాలర్లు పలికింది. అప్పటి రేటులో మన లెక్కకి 35 కోట్ల రూపాయల దాకా. వేలానికి ముందు వాళ్లు వేసుకున్న అంచనా 6 నుంచి 8 లక్షల డాలర్లే.

అంత రేటు ఎందుకో రాక్ మ్యూజిక్ వినేవాళ్లకి చెప్పక్కర్లేదు. అది నిర్వాణ బ్యాండ్ కర్ట్ కోబేన్ గిటార్. 1991లో వచ్చిన 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' వీడియోలో అతని మెడలో వేలాడేది ఇదే. కొన్నది జిమ్ ఇర్సే అని అప్పట్లో అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఓనర్. కాబట్టి ఆ 45 లక్షలూ కోబేన్ పేరుకి పడ్డాయి, అందులో వాదించడానికేం లేదు.

నాకు పేచీ ఉన్నది ఇలాంటి గిటార్ల గురించి రాసే ప్రతి వార్తలో కనబడే ఇంకో మాటతో. 'అరుదైన ఎడమచేతి గిటార్.' అరుదైన అనగానే ఏదో కొండ గుహలో దొరికిన మణి అనిపిస్తుంది. అదేం కాదు. ఫ్యాక్టరీ తక్కువ చేసింది, షాపువాడు ఇంకా తక్కువ తెప్పించాడు, అందుకని అరుదైపోయింది. యాభై ఏళ్ల తరవాత ఆ లోటునే 'రేర్' అని పేరు మార్చి అమ్ముతున్నారు. ఆ లోటు ఇవాళ్టికీ తీరలేదు. తీరకపోవడంలో గ్యాడ్జెట్ రివ్యూలు రాసే మనకీ వాటా ఉంది. బరువు గ్రాముల్లో రాస్తాం, మందం మిల్లీమీటర్లలో రాస్తాం. ఏ చేతికి చేశారో మాత్రం ఎవరూ రాయరు.

నాది పుర్రచెయ్యి. అంటే ఎడమచేతి వాటం. మా కొత్తవలసలో దీనికి వేరే డయాగ్నసిస్ అక్కర్లేదు, అన్నం ముందు కూర్చున్నప్పుడే బయటపడుతుంది. "కుడి సేత్తో తినరా గుంటడా" అని మా అమ్మమ్మ ఎన్నిసార్లు అందో లెక్కలేదు. తినడం కుడిచేత్తో వచ్చేసింది. రాయడం, బౌలింగ్, టూత్‌బ్రష్, స్క్రూడ్రైవర్ మాత్రం ఎడమచేతిలోనే ఉండిపోయాయి. ప్రపంచంలో పదిమందిలో ఒకరు ఇలాంటివాళ్లే.

సరే, ముందు స్పెక్స్ చూద్దాం.

మస్టాంగ్‌ని ఫెండర్ 1964లో తెచ్చింది, స్టూడెంట్ల కోసం. మన భాషలో బడ్జెట్ సెగ్మెంట్. ఫెండర్ ఫ్లాగ్‌షిప్ స్ట్రాటోకాస్టర్‌లో తీగ మోగే పొడవు 25.5 అంగుళాలైతే, మస్టాంగ్‌లో 24. దీన్ని స్కేల్ లెంగ్త్ అంటారు. ఒకటిన్నర అంగుళమే కదా అనిపిస్తుంది కానీ, అదే తీగని అదే శ్రుతికి బిగిస్తే పొట్టి స్కేల్‌లో బిగువు తక్కువ. వేలికి నొప్పి తక్కువ, మెట్ల మధ్య దూరం తక్కువ. చిన్న చేతులకి హాయి. కొందరికి ఆ వదులే నచ్చదు, అది వేరే గొడవ.

పికప్ అంటే మైక్ కాదు. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగ చుట్టిన కాయిల్. పైన ఇనప తీగ ఊగితే కింద కాయిల్‌లో కరెంటు పుడుతుంది. మస్టాంగ్‌లో ఇవి రెండు, రెండూ ఏటవాలుగా బిగించి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో స్లైడ్ స్విచ్, స్విచ్‌కి మూడు స్థానాలు: ఆన్, ఆఫ్, మళ్లీ ఆన్. రెండో ఆన్ ఎందుకంటే ఫేజ్ తిరగెయ్యడానికి. ఒక పికప్‌ని ఇటు, ఇంకోదాన్ని అటు పెడితే రెండు సిగ్నల్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సన్నటి, బోలు శబ్దం వస్తుంది. స్టూడెంట్ మోడల్‌లో ఇలాంటి ఫీచర్ పెట్టారంటే నాకు ముచ్చటేస్తుంది. కింద డైనమిక్ వైబ్రాటో అనే చేతిపిడి, శ్రుతిని కాస్త ఊపడానికి. ఇక 'కాంపిటీషన్' వేరియంట్ అంటే రేసుకార్లలాగా ఒంటిమీద చారలు. లోపల హార్డ్‌వేర్ అదే, బయట స్టిక్కరింగ్ వేరు. ఫోన్ కంపెనీల రేసింగ్ ఎడిషన్లు కొత్త ఐడియా అనుకునేవాళ్లు గమనించాలి.

కోబేన్‌ది ఈ నీలం రంగు కాంపిటీషన్ మస్టాంగ్, ఎడమచేతి వెర్షన్. ఎడమచేతివాళ్లకి సరసమైన ధరలో మంచి గిటార్ దొరకడం కష్టమని, అన్ని గిటార్లలోకీ తనకి మస్టాంగే ఇష్టమని అతను ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కనే చెప్పాడు. 35 కోట్ల వస్తువు వెనక ఉన్న అసలు కథ నా దృష్టిలో అదే.

తిప్పి పట్టుకుంటే సరిపోదా?

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇది. ఆఫీసులో అడిగారు, హాస్టల్లో అడిగారు, పెళ్లిలో బ్యాండ్‌వాడు కూడా అడిగాడు. ఫ్రంట్ ఎండ్ వాళ్లకైతే ఇంకా తేలిక, బొమ్మని అద్దంలోలా తిప్పెయ్యడానికి ఒక్క లైన్ కోడ్ చాలు. గిటార్ దగ్గర ఆ ఒక్క లైన్ ఎక్కడెక్కడ పగులుతుందో చూడండి.

మామూలు గిటార్‌లో ఎడమచేయి మెట్ల మీద నొక్కుతుంది, కుడిచేయి మీటుతుంది. లావు తీగ పైన, సన్న తీగ కింద. గిటార్‌ని తిప్పి పట్టుకుంటే సన్నది పైకొస్తుంది. తీగల్ని విప్పి అటూ ఇటూ మార్చాలి. మారిస్తే, మెడ చివర నట్ అని ఒక చిన్న పట్టీ ఉంటుంది, అందులో గాళ్లు తీగ లావుని బట్టి కోసి ఉంటాయి. అంగుళంలో వెయ్యోవంతు లెక్కన చెబితే, బాగా వాడకంలో ఉన్న ఒక సెట్‌లో సన్నతీగ 10, లావుతీగ 46. పది కోసం కోసిన గాటులో నలభైయారు కూర్చోదు, నలభైయారు గాటులో పది గలగలమంటుంది. కాబట్టి నట్ మార్చాలి. కింద బ్రిడ్జి మీద ఒక్కో తీగ పొడవుని ఒక్కోలా సవరించి ఉంటారు, అదీ మళ్లీ మొదట్నుంచి చెయ్యాలి.

తరవాత మెడ అంచున చుక్కలు. వాయించేవాడు కిందికి చూస్తే ఎన్నో మెట్టు మీదున్నాడో తెలియడానికి మెడ పై అంచున చిన్న చుక్కలు పెడతారు. తిప్పి పట్టుకుంటే అవి నేలవైపుకి పోతాయి. ఇది వినడానికి చిన్న విషయమే. కీబోర్డ్ మీద అక్షరాలన్నీ కీల అడుగున ప్రింట్ చేసి ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఏటవాలు పికప్ సంగతి ఇంకా ఆసక్తి. స్ట్రాటోకాస్టర్‌లో బ్రిడ్జి పక్కన ఉన్న పికప్‌ని వాలుగా పెట్టారు. సన్న తీగల వైపు బ్రిడ్జికి దగ్గరగా, లావు తీగల వైపు కాస్త దూరంగా. బ్రిడ్జికి దగ్గరైనకొద్దీ శబ్దం పదును, దూరమైనకొద్దీ గుండ్రం. గిటార్‌ని తిప్పేసి తీగలు మారిస్తే ఈ లెక్క తిరగబడుతుంది. లావుతీగలకి పదును, సన్నతీగలకి గుండ్రం వస్తుంది. నాబ్‌లు మోచేతి కిందికి వస్తాయి. పై మెట్లు అందడానికి బాడీలో తొలిచిన లోతైన వంపు, ఉండాల్సిన పక్క కాకుండా అటుపక్కకి పోతుంది. బెల్టు తగిలించే మేకు చోటు మార్చాలి.

నేను ఎక్కువ మాట్లాడాలనుకుంటున్నది మాత్రం వాల్యూమ్ నాబ్ గురించి. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు కాస్త ఆగి చదవండి. నాబ్ కింద ఉండేది పొటెన్షియోమీటర్, ఇలాంటి సింగిల్ కాయిల్ గిటార్లలో సాధారణంగా 250 కిలో ఓమ్‌లు. మన చెవి శబ్దాన్ని లాగరిథమిక్‌గా వింటుంది కాబట్టి ఇందులో ఆడియో టేపర్ పాట్ వేస్తారు. నాబ్ సగం తిప్పితే రెసిస్టెన్స్ సగం కాదు, మొత్తంలో 10-15 శాతం దగ్గర ఉంటుంది. అప్పుడే చెవికి 'సగం' అనిపిస్తుంది. ఇప్పుడు ఎడమచేతి గిటార్ తీసుకోండి. అది కుడిదానికి అద్దంలో బొమ్మ కాబట్టి నాబ్ కూడా అటు తిప్పితే పెరగాలి. ఫ్యాక్టరీవాడు ఏం చేస్తాడు? స్టాక్‌లో ఉన్న కుడిచేతి పాట్‌నే తీసి, చివర ఉన్న రెండు వైర్లూ తారుమారు చేసి సోల్డర్ చేస్తాడు. దిశ మారింది. వంపు మారలేదు! సగం దగ్గర ఉండాల్సిన 12 శాతం కాస్తా 88 అయి కూర్చుంటుంది. 10 నుంచి 5 దాకా తిప్పినా చెవికి పెద్ద తేడా తెలియదు, 2 నుంచి సున్నా మధ్య గబుక్కున పడిపోతుంది. దీనికి మందు ఉంది. రివర్స్ ఆడియో టేపర్ పాట్ అని విడిగా అమ్ముతారు. ఫ్యాక్టరీకి అది ఇంకో పార్ట్ నంబర్, ఇంకో స్టాక్ ఎంట్రీ. 'లెఫ్ట్ హ్యాండ్ మోడల్' అని బాక్స్ మీద రాసినంత మాత్రాన లోపల కూడా లెఫ్టేనని నమ్మకండి అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

ఇన్ని ఇబ్బందులున్నా తిప్పి పట్టుకునే చరిత్ర సృష్టించినవాడు ఉన్నాడు కదా అంటారు. ఉన్నాడు. జిమీ హెండ్రిక్స్ 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్‌లో వాయించిన తెల్ల స్ట్రాటోకాస్టర్ కుడిచేతిదే, తిప్పి తీగలు మార్చుకున్నాడు. అది ఇప్పుడు సియాటిల్ మ్యూజియంలో ఉంది. నాకు నవ్వొచ్చే విషయమేంటంటే, తరవాతి రోజుల్లో ఫెండర్ ఆయన పేరు మీద ఒక మోడల్ తెచ్చింది. తిరగబడ్డ హెడ్‌స్టాక్, తిరగబడ్డ వాలుతో బ్రిడ్జి పికప్, కుడిచేతివాళ్ల కోసం! ఎడమచేతివాడు గత్యంతరం లేక చేసుకున్న సర్దుబాటు కుడిచేతివాళ్లకి ప్రీమియం ఫీచర్ అయిపోయింది.

పాల్ మెకార్ట్‌నీ రూటు వేరు. 1961లో హాంబర్గ్‌లో హాఫ్‌నర్ బేస్ గిటార్ కొన్నాడు, 30 పౌండ్ల దగ్గర. అది వయొలిన్ ఆకారంలో ఉంటుంది, రెండు పక్కలా ఒకే వంపు. ఎడమచేత్తో పట్టుకున్నా వెర్రిగా కనబడదని ఆ ఆకారం నచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. 1972లో లండన్‌లో ఒక వ్యాన్‌లోంచి దాన్ని దొంగలు ఎత్తుకుపోయారు. యాభై ఏళ్లు దాటాక, గట్టిగా వెతికితే దొరికింది. తిరిగి ఆయన చేతికి చేరిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. బ్లాక్ సబ్బత్ టోనీ అయోమీ కథ ఇంకా సింపుల్. ఆయన ఎడమచేతివాడు, చేతిలో ఉన్నది కుడిచేతి గిబ్సన్ ఎస్‌జీ. తారసపడ్డ ఇంకొకాయన కుడిచేతివాడు, దగ్గరున్నది ఎడమచేతి ఎస్‌జీ. ఇద్దరూ మార్చేసుకున్నారు. కష్టాలన్నీ ఇంత తేలిగ్గా తీరితే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

వాయిద్యం వంగాలా, మనిషి వంగాలా?

ఇది రాక్ సంగీతం గొడవ, మనకెందుకు అనకండి. కర్ణాటక సంగీతంలో పళని సుబ్రమణ్య పిళ్లై అని గొప్ప మృదంగ విద్వాంసుడు ఉండేవారు, ఎడమచేతి వాటం. మృదంగాన్ని తిప్పుకోవడం గిటార్ కంటే తేలిక. చిక్కు వాయిద్యంలో కాదు, వేదిక మీద వచ్చింది. కచేరీలో మృదంగం గాయకుడికి కుడిపక్క, వయొలిన్ ఎడమపక్క కూర్చోవడం ఆనవాయితీ. మృదంగం ముఖ్యమైన ముఖం శ్రోతల వైపు ఉండాలి. ఎడమచేతివాడికి అలా కుదరాలంటే ఆయన, వయొలినిస్టు చోట్లు మార్చుకోవాలి. దానికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. చెంబై వైద్యనాథ భాగవతార్ పట్టుబట్టి చోట్లు మార్పించి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. కావలసిందల్లా ఇద్దరు లేచి అటూ ఇటూ కూర్చోవడం. అదే కొందరికి కొండంత అయింది.

నేనీ మాట రాస్తున్న ఊరి నుంచి రైలెక్కితే గంటలోపే విజయనగరం. అక్కడ 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు, ఘంటసాల చదువుకున్న చోటు. వయొలిన్ మనది కాదు, యూరప్‌ది. వాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటారు. మనవాళ్లు బాసింపట్టు వేసుకుని కూర్చుని, దాని తలని పాదం మీద ఆనించి, శ్రుతి మార్చేసి మనదాన్ని చేసేసుకున్నారు. అలా పట్టుకోకూడదని ఏ మాన్యువలూ అడ్డురాలేదు. పాలకొల్లులో 1969లోనే పుట్టిన యు. శ్రీనివాస్ ఇంకో అడుగు ముందుకెళ్లారు. మాండొలిన్‌లో జంటలుగా ఉండే ఎనిమిది తీగల్ని పక్కనపెట్టి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు, గమకం పలకాలి కాబట్టి. ఆయన ఎడమచేతివాడు కాదు, అయినా ఇక్కడ గుర్తొచ్చింది ఆయనే. మనిషికి కావలసింది ముందు, వాయిద్యం స్పెక్ తరవాత అన్న క్రమం ఆయన దగ్గర స్పష్టంగా కనబడుతుంది.

ఊరి మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. మా కొత్తవలస జంక్షన్ నుంచి కిరండూల్‌కి లైను పోతుంది, అరకు మీదుగా. 1960ల్లో వేశారు, బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి. 1993 టూర్‌కి కోబేన్ కొత్త ఎడమచేతి మస్టాంగ్‌లు తెప్పించుకున్నది కూడా జపాన్‌లో చేసినవే. ఆ గిటార్ల మేకుల్లో మా ఊరి మీదుగా పోయిన ఇనుము ఉందని నేను అనను. లేదని మీరు నిరూపించలేరు, అంతే.

ఇప్పుడు వింటేజ్ ఎడమచేతి గిటార్ కొనాలనుకునేవాళ్లకి రెండు ముక్కలు. మనలో ఎవరైనా రేపు విదేశాల్లో సెటిలై సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో పడొచ్చు కదా. మొదట చూడాల్సింది అది పుట్టుకతో ఎడమా, తరవాత మార్చిందా అని. మెడ అంచు చుక్కలు సరైన పక్క ఉన్నాయా? రెండో పక్క పూడ్చిన గుర్తులున్నాయా? పైన ప్లాస్టిక్ పలక విప్పితే కింద చెక్కలో తొలిచిన గుంటలు ఒక్క సెట్టేనా, రెండో పక్క గుంట పూడ్చి రంగు వేశారా? బెల్టు మేకు పాత కన్నం ఎక్కడైనా కనబడుతోందా? తరవాత పాట్ వెనక ముద్ర చదవండి. ఇది ఐఎంఈఐ చెక్ చెయ్యడం లాంటిది. 1376630 అని ఉంటే, 137 అంటే సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966, 30 అంటే ఆ ఏడాది ముప్పయ్యో వారం. 304తో మొదలైతే స్టాక్‌పోల్ కంపెనీ. ఇది పాట్ తయారైన తేదీ, గిటార్‌ది కాదు. గిటార్ దానికంటే ముందు పుట్టి ఉండదు అని మాత్రం చెబుతుంది, అదీ పాట్ మార్చలేదని సోల్డర్ చూస్తే నమ్మకం కుదిరితేనే. ఎవడైనా '1965 ఒరిజినల్ లెఫ్టీ' అని అమ్ముతూ లోపల 1970 పాట్ చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

చెల్లికి ఏ గిటార్ కొనాలి?

ఈ విషయం మీద నేను ఇంత తవ్వడానికి కారణం వేలం కాదు. మా పిన్ని కూతురు పదో తరగతి, పుర్రచెయ్యే. పరీక్షలయ్యాక గిటార్ కొనిస్తామని చిన్నాన్న మాటిచ్చేశాడు. బడ్జెట్ పదిహేను వేలు. "ఫోన్లూ అవీ చూసి చెప్తావు కదరా, ఇదీ నువ్వే చూడు" అని నా మీద పెట్టాడు. నేర్పే మాస్టారిని అడిగితే, రెండు చేతులూ కొత్తే కదా, కుడిచేతి గిటారే కొనండి, అలవాటైపోతుంది అన్నారు.

ఈ సలహాని తీసిపారెయ్యలేను. మార్క్ నాఫ్లర్, గ్యారీ మూర్ ఇద్దరూ ఎడమచేతివాళ్లే, కుడిచేతి గిటార్ వాయించే అంత పేరు తెచ్చుకున్నారు. కుడిచేత్తో నేర్చుకుంటే ఏ షాపుకెళ్లినా గిటార్ దొరుకుతుంది, ఏ ఫ్రెండ్ గిటారైనా తీసుకుని వాయించొచ్చు. డబ్బు లెక్కలో మాస్టారి మాటే నిజం.

నా అభ్యంతరం 'రెండు చేతులూ కొత్తే' అన్నదాని మీద. మెట్లు నొక్కే చేతికి వేళ్ల బలం కావాలి, అది ఎవరికైనా కొత్తే. మీటే చేతిది వేరే పని. తాళం దాని దగ్గరుంటుంది. బల్ల మీద దరువు వెయ్యమంటే మీ ఏ చెయ్యి ముందు లేస్తుందో ఒకసారి చూసుకోండి. ఆ చేతికి తాళం కొత్త కాదు. చెల్లికి ఒక చీపురు ఇచ్చి గిటార్ అనుకుని పట్టుకో అన్నాను. ఆలోచించకుండా ఎడమచేత్తో మీటుతూ పట్టుకుంది. మూడుసార్లు ఇచ్చాను, మూడుసార్లూ అంతే. ఇదే నా టెస్ట్, ఇదే నా బెంచ్‌మార్క్. చీపురుని కుడిచేతివాళ్లలా పట్టుకునే ఎడమచేతివాళ్లకి మాత్రం నిజంగానే మాస్టారి సలహా పనికొస్తుంది, హాయిగా కుడిది కొనుక్కోండి.

విశాఖలో ఒక షాపుకి వెళ్లాం. గోడకి అరవై పైచిలుకు గిటార్లు వేలాడుతున్నాయి, ఎడమచేతివి సున్నా. "ఆర్డర్ పెట్టాలండీ, మొత్తం డబ్బు ముందే కట్టాలి, వచ్చాక నచ్చలేదంటే వెనక్కి తీసుకోం" అన్నారు. షాపువాణ్ణి తిట్టను. పదిమందిలో ఒక్కడి కోసం గోడ మీద మేకు ఖర్చు చెయ్యడం అతని వ్యాపారానికి గిట్టదు. మేకు లేదు కాబట్టి ఎడమచేతి పిల్లలు కుడిచేతివే కొంటారు, కొంటారు కాబట్టి డిమాండ్ లేదని లెక్క తేలుతుంది. దీన్ని డేటా అనకూడదు. సర్వే ఫారంలో ఒకే ఆప్షన్ ఇచ్చి నూటికి నూరు మంది దాన్నే ఎంచుకున్నారని చెప్పడం ఇది.

మన గ్యాడ్జెట్ ప్రపంచంలోనూ ఇదే తంతు. 2010లో ఐఫోన్ 4 కింద ఎడమ మూల అరచేత్తో కప్పితే సిగ్నల్ పడిపోయేది. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుంటే చెయ్యి తగిలే చోటు అదే. చివరికి యాపిల్ ఉచితంగా బంపర్ కేసులు ఇచ్చింది. ఎడమచేతి గేమింగ్ మౌస్ కావాలని ఏళ్ల తరబడి అడిగితే రేజర్ 2020లో నాగా ఎడమచేతి ఎడిషన్ మళ్లీ తెచ్చింది. 2022లో లాజిటెక్ లిఫ్ట్ వర్టికల్ మౌస్‌కి ఎడమచేతి వెర్షన్ ఇచ్చింది. ఆండ్రాయిడ్ 10 నుంచి బ్యాక్ జెశ్చర్ రెండు అంచుల నుంచీ పనిచేస్తుంది. ఆ ఫీచర్‌ని ఎడమచేతివాళ్ల దృష్టితో చూసిన రివ్యూ నాకు ఒక్కటీ తగల్లేదు. రాసే నేను కూడా ఎడమచేతివాణ్ణే కదా, ఇకనుంచి నా రివ్యూల్లో ఒక లైన్ ఉంటుంది: ఎడమచేత్తో వాడితే పవర్ బటన్ ఏ వేలికి అందుతుంది, ఫింగర్‌ప్రింట్ ఎక్కడ తడబడుతుంది. మిగతా రివ్యూయర్లు కూడా పెడితే మంచిది, ఖర్చేమీ లేదు.

చెల్లి గిటార్ సంగతి. పొట్టి స్కేల్, ఎడమచేతిది, పదిహేను వేలలోపు, మూడూ కలిసింది మాకు దొరకలేదు. అరవై ఏళ్ల కింద స్టూడెంట్ల కోసం తెచ్చిన మస్టాంగ్‌లో ఉన్న కాంబినేషన్ ఇవాళ మా బడ్జెట్‌లో లేదు. చివరికి స్ట్రాట్ ఆకారంలో 25.5 అంగుళాల ఎడమచేతి గిటార్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాం. కుడిచేతి మోడల్‌కి అయిదు రంగులు, దీనికి ఒక్క నలుపు. చెల్లికి ఆకుపచ్చ కావాలి. "నల్లదాని మీద ఏ స్టిక్కరేసినా బాగుంటుందిలే అన్నయ్యా" అని తనే సర్దిచెప్పింది.

పన్నెండు రోజులకి వచ్చింది. విప్పగానే చూశాను. మెడ చుక్కలు సరైన పక్కే ఉన్నాయి. నట్ గాళ్లు సరిగ్గానే కోశారు. పికప్ వాలు కరెక్ట్. ఫోన్ సౌండ్ మీటర్ పెట్టి వాల్యూమ్ నాబ్ తిప్పితే 10 నుంచి 5 దాకా కదలిక నామమాత్రం, అక్కణ్ణించి సగం కిందికి దిగాక బోర్లా పడింది. వెనక పలక విప్పి చూస్తే అనుకున్నదే, కుడిచేతి పాట్‌కి వైర్లు తారుమారు. 250 కిలో ఓమ్ రివర్స్ ఆడియో టేపర్ పాట్‌లు రెండు ఆర్డర్ పెట్టాను, సోల్డరింగ్ ఐరన్ నా దగ్గరే ఉంది. చెల్లికి అదేం పట్టలేదు. మూడు కార్డ్‌లు నేర్చేసి, నాబ్ పదిలో పెట్టి వాయించేస్తోంది. ఆ పాట్ ఎప్పుడు మారుస్తావురా అని రోజూ ఫోన్ చేస్తున్నది మాత్రం పిన్ని.